వెల్డింగ్ వెలుగు కొట్టకుండా ముందే కంట్లో యాంటీఆక్సిడెంట్ చుక్కలు వేసుకోవచ్చా?

బెజవాడ అన్న:
మా తమ్ముడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పరుగా చేరి 3 నెలలైంది. మొన్న మేస్త్రి వెల్డింగ్ చేస్తుంటే రోజంతా రేకు పట్టుకుని పక్కనే నిలబడ్డాడట. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు బాగానే ఉన్నాడు, అన్నం తిని పడుకున్నాడు, రాత్రి ఒంటిగంటకి కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని ఒకటే ఏడుపు, లైటు వేస్తే తట్టుకోలేకపోయాడు. ఒకరు చనుబాలు పోయమన్నారు, ఇంకొకరు బంగాళదుంప చక్రాలు పెట్టమన్నారు. అవేవీ చేయకుండా తెల్లారగానే కంటి డాక్టరుకి చూపించాం, కార్నియా (నల్లగుడ్డు మీదుండే అద్దం లాంటి పొర) పైపొర కాలిందన్నారు. ఇప్పుడు తగ్గింది. కానీ సోమవారం మళ్ళీ పనికి వెళ్ళాలి, నాకు టెన్షన్‌గా ఉంది. విటమిన్ సి, విటమిన్ ఇ లాంటి యాంటీఆక్సిడెంట్లు కలిపిన చుక్కలు ముందే వేసుకుంటే యూవీ (అతినీలలోహిత కిరణాలు) నుంచి రక్షణ అని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు:
అందులో కొంత నిజం ఉందండీ. ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) నుంచి వచ్చే యూవీ-బి అనే రకం కిరణాల్లో ఎక్కువ భాగాన్ని కార్నియానే పీల్చుకుంటుంది, అప్పుడు కణాల్లో ఫ్రీ రాడికల్స్ అనే హాని చేసే అణువులు పుట్టి వాటిని పాడుచేస్తాయి. దెబ్బతిన్న కణాలు రాలడానికి టైము పడుతుంది, అందుకే నొప్పి 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతుంది. కార్నియా పైపొరలో విటమిన్ సి మామూలుగానే బాగా ఉంటుంది, కంటి లోపలి నీటిలో అయితే రక్తంలో కన్నా ఎన్నో రెట్లు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్ చుక్కలతో దెబ్బ తగ్గిన మాట కూడా నిజమే. అయితే ఈ చుక్కలు కిరణాన్ని ఆపవు. అది లోపలికొచ్చాక పుట్టే రాడికల్స్‌ని కొంతవరకు అణుస్తాయి, డీఎన్‌ఏకి నేరుగా తగిలే దెబ్బ తగులుతూనే ఉంటుంది. పైగా వేసిన చుక్క కొన్ని నిమిషాల్లో కన్నీటితో పోతుంది, వాడి పనేమో రోజంతా. దయచేసి విటమిన్ సి బిళ్ళ కరిగించి మాత్రం వేయకండి, అది ఆమ్లం.

పాత వెల్డర్:
తమ్ముడూ, వెల్డింగ్ ఎక్కువ కొట్టేది హెల్పర్లకే. మేస్త్రి చేతిలో స్క్రీన్ ఉంటుంది, రేకు పట్టుకున్న పిల్లాడు మొహం పక్కకి తిప్పుకుంటే చాలనుకుంటాడు, తెల్ల రేకు మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా కొడుతుందని వాడికి ఎవరూ చెప్పరు. తలకి పెట్టుకునే మాస్క్ కొనివ్వు, దాని నల్ల అద్దం 10వ నంబరు, కరెంటు (ఆంప్స్) పెంచితే 11 లేదా 12. ఇంకో మాట. నేను కొత్తలో నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే చుక్కలు తెచ్చుకుని వారం పాటు వేసుకున్నా. నొప్పి తెలియలేదు, పుండు మానలేదు. ఎడమ కంట్లో మచ్చ ఇప్పటికీ ఉంది.

బెజవాడ అన్న:
చాలా థాంక్స్ అన్నా, మేడమ్. చుక్కల ఆలోచన మానేశాను, రేపే మాస్క్ కొంటా. కానీ మాటిమాటికీ మాస్క్ ఎత్తాల్సి వస్తుందట, అప్పుడు పక్కవాళ్ళ ఆర్క్ కొడితే?

ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు:
మాస్క్ లోపల, పక్కలు మూసి ఉండే పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) కళ్ళజోడు పెట్టుకోమనండి. రంగు లేకుండా మామూలు అద్దంలా కనిపించినా దాదాపు మొత్తం యూవీని ఆపేస్తుంది. దానితో ఆర్క్ వైపు నేరుగా చూడకూడదు, మాస్క్ ఎత్తిన ఆ కాసేపటికే అది. కన్ను మళ్ళీ ఎర్రబడినా, చూపు మసకబారినా ఆ రోజే తీసుకురండి.