సమస్యాపూరణం: «చచ్చినట్టివాఁడు సంతసించె»

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

చచ్చినట్టివాఁడు సంతసించె

విషయం: ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి పాచికలతో ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆటగాళ్ల దుడుకు పనులు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయిన నాటి నుంచీ ఇందులో ఒక చిత్రం ఉంది: పాత్ర చస్తుంది, ఆడేవాడు బల్ల దగ్గరే కూర్చుని ఉంటాడు. సమస్యలోని విరోధం దానితోనే తీరిపోతుంది. అక్కడితో ఆగకండి. ఎవరి మూలంగా చచ్చాడో, సంతోషం ఎందుకో పద్యంలో తెలియాలి.

మొదటి పూరణ

ఒంటిగాను నిలిచి యొడ్డి ప్రాణమ్మును
వంతెనపయి నాపె వైరిబలము
తోడివారు దాటి దూరమై పోవంగ
చచ్చినట్టివాఁడు సంతసించె

నిర్వాహకుడు: ధార బాగుంది. "పోవంగన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కనుక "పోవంగఁ జచ్చినట్టివాఁడు" అనాలి. జకారానికీ సకారంతో మైత్రి ఉంది, యతికి లోటు రాదు.

ఒక సభ్యురాలు: పద్యం నచ్చింది కానీ ఇందులో దుడుకు ఎక్కడుందండీ? ఇది త్యాగం.

పూరించినవారు: సవరించుకుంటాను గురువుగారూ. అమ్మా, ఇది నేను ఆడిన ఆటలోదే. పారిపోయే దారి ఉందని ఆట నడిపే గేమ్ మాస్టర్ రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు. ఆ క్షణంలో అది దుడుకే. మిగతావాళ్లు గట్టు చేరాక త్యాగమైంది.

నిర్వాహకుడు: ఈ మాటలో సగమైనా పద్యంలోకి వస్తే బాగుండేది.

రెండో పూరణ

ఇరుకు గుహను వేసె నిప్పుబంతిని వాఁడు
కూడి యున్న వారి గుఱుతు లేక
శత్రువులును సఖులు సమసిపోవఁగఁ జూచి
చచ్చినట్టివాఁడు సంతసించె

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది. "ఇ"కి "ని" చెల్లదు, ఎందుకంటే "నిప్పు"లో నకారం ఆ మాటదే, సంధి వల్ల వచ్చింది కాదు. "నేలమాళిగందు నిప్పుబంతిని వేసె" అంటే యతి కుదురుతుంది గానీ "ఇరుకు" పోతుంది. అది పోకూడదు, పద్యానికి ప్రాణం ఆ మాటే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఈ నిప్పుబంతి మంత్రం, అంటే ఫైర్‌బాల్, 20 అడుగుల వ్యాసార్ధం, మూలలు తిరిగి కూడా పాకుతుంది. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తే సగటు దెబ్బ 28. అడ్వాన్స్‌డ్ డి అండ్ డి మొదటి ఎడిషన్‌లో అయితే మంట 33,000 ఘనపుటడుగుల చోటు నిండేదాకా వ్యాపిస్తుంది. గది చాలకపోతే సొరంగం వెంట వేసినవాడి మీదికే వస్తుంది. అందుకని "ఇరుకు గుహను విసిరె నెఱ్ఱమంటలబంతి" అనండి. "విసిరెన్ + ఎఱ్ఱ" కనుక ఇ–ఎ యతి సరిపోతుంది.

ఇక భావం. సఖులు కాలిపోతుంటే చూసి సంతోషించాడా? నాకు మింగుడుపడలేదు. "నా క్యారెక్టర్ అలాంటివాడు" అనే సాకు చాలా బల్లల దగ్గర విన్నాను. పాత్ర అలాంటివాడే కావచ్చు. కానీ నెలల తరబడి పెంచుకున్న తమ పాత్రలు ఒక్క మాటతో బూడిదైతే, పక్కనున్న నలుగురూ ఆ సాయంత్రం ఏం చేయాలి? తన ప్రాణంతో ఎంత దుడుకైనా చేయనీయండి, నేను ముందు చప్పట్లు కొడతాను. ఇతరుల ప్రాణం ఒడ్డేముందు వాళ్లను అడగాలి.

పూరించినవారు: నిజమే గురువుగారూ. ఇలా మార్చాను:

ఇరుకు గుహను విసిరె నెఱ్ఱమంటలబంతి
కూడి యున్న వారు కోరినంత
శత్రువులును తాము సమసిపోవఁగఁ జూచి
చచ్చినట్టివాఁడు సంతసించె

నిర్వాహకుడు: "గుఱుతు లేక" పోయి "కోరినంత" వచ్చింది, "సఖులు" పోయి "తాము" వచ్చింది. అదే మంట, అదే చావు, కానీ ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కటై చచ్చారు. ఈ వారం నాకు బాగా నచ్చిన సవరణ ఇది.

మూడో పూరణ

దుడుకుతనము మీఱఁ దూకె నగాధానఁ
బ్రాణ మొక్క చుక్క పాచిక యిడె
నిరువదనుచుఁ బడగ నెల్లరు గేరంగఁ
జచ్చినట్టివాఁడు సంతసించె

ఒక సభ్యుడు: వీడు చావనే లేదు కదా! హిట్ పాయింట్లు, అంటే పాత్ర ప్రాణబలం లెక్క, సున్నాకు పడ్డాక ప్రతి వంతుకూ ఇరవై ముఖాల పాచిక వేయాలి. మూడుసార్లు తప్పితేనే చావు. 20 పడితే ఒక హిట్ పాయింటుతో లేస్తాడు.

పూరించినవారు: "చచ్చిన + అట్టి" అని విడదీశాను అన్నగారూ. చచ్చినవాడి వంటివాడు.

నిర్వాహకుడు: ఆ విరుపు చెల్లుతుంది. "ప్రాణ మొక్క చుక్క" అని ఆట నియమాన్నే తెలుగు చేయడం ముచ్చటగా ఉంది. ఇరవైలో ఒక్క వంతు అవకాశం నిజమైనప్పుడు బల్ల దగ్గర లేచే కేక "కేరంగ"లో వినిపించింది.

నాలుగో పూరణ

పచ్చ మొగము నోటఁ బడి మాయమయ్యెను
తొలుతఁ దూరి యొకఁడు, తోడివారు
నిలిచి వెనుకఁ దిరిగి నిండుగా బ్రతుకంగఁ
జచ్చినట్టివాఁడు సంతసించె

నిర్వాహకుడు: 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమావేశంలోని పోటీకి గైగాక్స్ సిద్ధం చేసి, 1978లో అచ్చయిన టూంబ్ ఆఫ్ హారర్స్ అనే డి అండ్ డి సాహసకథలోని పచ్చ దెయ్యపు ముఖం ఇది. తెరిచిన ఆ నోట్లోని చీకట్లో స్ఫియర్ ఆఫ్ ఆనిహిలేషన్ అనే వినాశ గోళం ఉంటుంది, దూరినవాడి ఆనవాలు కూడా మిగలదు. "మాయమయ్యెను" సరైన మాట. "నిండుగా" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది, ఇంకో మాట వెతకండి.

పూరించినవారు: "నిబ్బరముగ నుండ" అంటే?

నిర్వాహకుడు: గణాలు కుదిరాయి. కానీ ఒకడు కళ్లముందే మాయమైతే నిబ్బరం ఎక్కడిది? "నిండుగా"నే ఉంచండి.