అమ్మ షుగరు మాత్రలు మానేసి "జబ్బు నాది కాదు" అంటోంది. ఇది క్రైస్తవమేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

ఏడురోడ్ల కూడలి దగ్గర నాకు చిన్న టైలరింగ్ షాపుంది. అమ్మకి 67. పుట్టినప్పటి నుంచి బాప్టిస్టు సంఘమే, ఆదివారం చర్చి తప్పిన గుర్తు నాకు లేదు. పన్నెండేళ్లుగా షుగరు.

అక్క అమెరికాలో, కేన్సస్ సిటీ దగ్గర ఉంటుంది. అక్కడ యూనిటీ అనే సంఘానికి వెళ్తోంది. రోజూ వాట్సాప్‌లో వాళ్ల పాఠాలు అమ్మకి తెలుగులో చెబుతుంది. దేవుడు ఎక్కడో పైన లేడు, లోపలే ఉన్నాడు. క్రీస్తు అంటే మనందరిలో ఉన్న దైవాంశ. ఆలోచన మారితే ఒళ్లు మారుతుంది. మొదట్లో నాకూ బాగానే అనిపించింది. అమ్మ చిరాకు తగ్గింది, పొద్దున్నే పావుగంట కళ్లు మూసుకుని కూర్చునేది.

మొన్న కొలత టేపు కనబడక (మా బుడ్డోడు ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడు) అమ్మ బైబిలు పెట్టుకునే రేకు పెట్టె తీశాను. అడుగున మెట్‌ఫార్మిన్ (ఆమె షుగరు మాత్ర) షీట్లు ఆరు. ఒకదానిలో రెండు మాత్రలు మాత్రం తీసి ఉన్నాయి, మిగతావి నిండుగా. అడిగితే, "నేను దేవుడి బిడ్డనిరా. ఆయనకి సుగరు నేదు, నాకెలాగొస్తాది?" అంది.

పాస్టరు గారేమో ఇది వేదాంతానికి సిలువ తగిలించడమే అన్నారు. పక్కింటి తెలుగు మాస్టారు "అహం బ్రహ్మాస్మి అనేగా, కొత్తేముంది" అని నవ్వారు. లూకా 17:21 మీద అక్కకీ పాస్టరు గారికీ ఫోన్లోనే పెద్ద గొడవ. మన బైబిల్లో "దేవుని రాజ్యము మీ మధ్యనే యున్నది" అని ఉంటుంది కదా, అక్క చదివే పాత ఇంగ్లీషు బైబిల్లో "మీ లోపల" అని ఉందట. ఏది కరెక్టు? అమ్మతో ఎలా మాట్లాడాలి?

గంటస్తంభం (విజయనగరం):

మా నాన్న పాస్టరు. నేను కాలేదు, కానీ ఆ పుస్తకాలన్నీ నా నెత్తినే పడ్డాయి.

గ్రీకులో ఆ మాట "ఎంటోస్". లోపల అనే అర్థం దానికి ఉంది. అయితే యేసు ఆ మాట అన్నది పరిసయ్యులతో, అంటే ఆయనతో పేచీ పెట్టుకునే యూదు మతనిష్ఠాపరులతో. వాళ్ల గుండెల్లో దేవుని రాజ్యం ఉందని ఆయన అని ఉంటాడా? అందుకే చాలామంది "మధ్య" అని అనువదించారు. నా ఓటు తెలుగు బైబిలుకే.

ఈ బోధ మూలం 19వ శతాబ్దపు అమెరికా. మెయిన్ రాష్ట్రంలో గడియారాలు చేసే క్వింబీ అనే ఆయన, జబ్బుకి మూలం మనసులోని తప్పుడు నమ్మకమేనని చెప్పి వైద్యం చేసేవాడు. ఆయన దగ్గర నయం చేయించుకున్న మేరీ బేకర్ ఎడ్డీ 1866లో మంచు మీద జారిపడి, బైబిలు చదువుతూ కోలుకున్నానని చెప్పింది. 1879లో క్రిస్టియన్ సైన్స్ సంఘం పెట్టింది. జబ్బు అసలు నిజమే కాదంటుంది ఆమె. యూనిటీ 1889లో వచ్చింది, అదే తానులో ముక్క.

పాపం కూడా తప్పుడు ఆలోచనే అయితే సిలువ ఎందుకు? అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధ తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, పోలేదు. ఆయన ఆలోచన బాగోలేదంటారా? నాకు అన్నిటికంటే మండేది ఇదే: నయం కాకపోతే తప్పు రోగిదైపోతుంది.

రిటైర్డ్ సిస్టర్ (బొబ్బిలి):

గంటస్తంభం గారూ, రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. క్రిస్టియన్ సైన్స్ వాళ్లు ఎక్కువగా మందుల జోలికి పోరు, నిజమే. యూనిటీ వాళ్లు డాక్టర్ని వద్దనరు.

బాబూ, అమ్మ చెప్పిన మాట యూనిటీ పెట్టిన దంపతుల్లో మర్టిల్ ఫిల్‌మోర్‌ది. క్షయతో బాధపడుతూ, "నేను దేవుని బిడ్డను, కాబట్టి రోగం నాకు వారసత్వంగా రాదు" అని పట్టుకుంది. కోలుకుని 1931 దాకా బతికింది. భర్త ఛార్లెస్ ఈ శరీరంతోనే చావు లేకుండా ఉండొచ్చని నమ్మాడు. 93 ఏళ్లు బతికి 1948లో ఆయనా పోయాడు.

నేను మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేశాను. ఆపరేషన్‌కి ముందు ప్రార్థన చేసేవాళ్లం. ప్రార్థన అయ్యాక ఇంజెక్షన్ మానేసిన వాళ్లెవరూ లేరు. నేనూ రోజూ మౌనంగా కూర్చుంటాను, అందులో నాకు తప్పు కనబడలేదు. పౌలు లూకాని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు, వైద్యం మానుకున్నందుకు ప్రియుడు అనలేదు. అమ్మ ధ్యానం జోలికి వెళ్లకండి. మాత్రల సంగతి మీ అక్క చేతే చెప్పించండి. ఈలోగా ఆమె పాదాలు చూడండి, వేళ్ల సందుల్లో కూడా. పుండుంటే ఆవిడకి నొప్పి తెలియకపోవచ్చు.

పాలకొండ కుర్రాడు:

గ్రీకు తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా అన్నా?

నాగావళి ఒడ్డు:

లేదు తమ్ముడూ, నిన్న కొన్నాను. పరగడుపున 268. పాదాలు చూశాను సిస్టర్ గారూ, ఎడమ చిటికెన వేలి కింద చర్మం చిట్లింది. అమ్మకి తెలియనే తెలియదు.

అక్కకి ఫోన్ చేసి నంబరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తను రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే ధ్యానంలో కూర్చుంటానని చెప్పింది. అమ్మ అడగలేదు, నేను చెప్పలేదంది. స్పీకర్‌లో అమ్మ అంతా వింది.

"అది మింగుతాదట, నాకు మాత్రం ఒక్క ముక్క సెప్పనేదు" అని రాత్రంతా అలిగింది. అక్క మీద కోపంతోనే ఇవాళ డాక్టర్ దగ్గరికి బయల్దేరింది. దారిలో ఆటోలో ఆ దేవుని బిడ్డ మాట మూడుసార్లు అనుకుంది. నేనేం అనలేదు.