రేవు మారితే ఏం తగ్గుద్ది?

కృష్ణలంక: మన గ్రూపులో పెద్దలకు ఒక చిక్కుముడి. మా మేనల్లుడు ఉండేది లండన్‌లో. న్యూయార్కు పోవాలంటే ముందు విడిగా టిక్కెట్టు కొనుక్కుని డబ్లిన్ పోతాడు. అక్కణ్నుంచి మళ్లీ లండన్ మీదుగానే న్యూయార్కు! బిజినెస్ తరగతిలో అలా చాలా మిగులుద్దట. దాన్ని వాళ్లు 'ఎక్స్-ఈయూ' టిక్కెట్టంటారు, అంటే యూరోపియన్ యూనియన్ ఊళ్లో మొదలయ్యేదని. మనవాళ్లు కొందరు కొలంబో పోయి ఎక్కడం కూడా ఆ బాపతే. దీనికి తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తుంటే మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. బ్యారేజీ కట్టకముందు సీతానగరం నుంచి పడవ మీద వచ్చిన మనిషి. "రేవు మారితే ___ తగ్గుద్ది" అనేది. ఆ ఖాళీలో మాట గొంతులోనే ఉంది, నోటికి రావట్లేదు. రెండక్షరాలు.

బ్రాడీపేట 4/14: కేవు. ఇందులో ఆలోచించేదేముంది? కేవంటే పడవకూలి. అమరంలో "ఆతరస్తరపణ్యం స్యాత్" దగ్గర మా గురువుగారు చెప్పిన అర్థం ఓడకేవే. రేవు మారితే కేవు తగ్గుద్ది. మీ టిక్కెట్టుకి పేరు కూడా అందులోనే ఉంది: పొరుగురేవు కేవు.

పటమట: మాస్టారూ, తొందరపడకండి. మా ఇంట్లో విన్నది "రేవు మారితే చేవ తగ్గుద్ది" అని. ఇవాళ ఈ రేవు, రేపు ఆ రేవు అని తిరిగేవాణ్ని తిట్టే మాట. మీరు మెచ్చుకోలుగా మార్చేశారు.

బ్రాడీపేట 4/14: రేవుకి కేవు కుదిరినట్టు చేవ కుదురుద్దా తమ్ముడూ? చెవితో వినండి.

పటమట: ప్రాసకి హల్లు కలిస్తే చాలు, అచ్చు కలవక్కర్లేదని మీకు నేను చెప్పాలా? వు, వ రెండూ వకారమే. పైగా కేవు అనే మాట మా నాయనమ్మల నోట ఎప్పుడైనా విన్నామా? అది నిఘంటువులో పడుకున్న మాట.

తెనాలి: అసలు రెండూ ఒకటే ఎందుకు కాకూడదు? కన్నడంలో కివి, మనకి చెవి. అక్కడ కై, ఇక్కడ చెయ్యి. ఆ లెక్కన కేవే చేవ అయింది.

బ్రాడీపేట 4/14: ఆ లెక్కన అయితే కేవు మనకి మిగలకూడదు. మిగిలింది. పోనీ కెందామర, చెందామర రెండూ ఉన్నాయిగా అంటారేమో, అక్కడ రెంటికీ అర్థం ఒకటే. పడవకూలికీ చెట్టు చేవకీ ఏం చుట్టరికం?

సత్యనారాయణపురం: ట్రావెల్ ఆఫీసులో ఇరవయ్యేళ్లు చేశాను కాబట్టి ఒక మాట. ఇది పడవకూలి లాంటిది కాదండి. పడవకి దూరాన్ని బట్టి కూలి. విమానానికి ఏ ఊరివాడు ఎంత పెట్టగలడో చూసి కడతారు. లండన్‌వాడు నేరుగా పోవడానికి ఎంతైనా ఇస్తాడు. డబ్లిన్‌వాడు లండన్‌లో దిగి విమానం మారాలంటే వాడికి ఆశ చూపాలిగా! అందుకే అదే విమానంలో, అదే వరసలో కూర్చున్న ఇద్దరికి రెండు ధరలు. పన్ను సంగతి వేరే. లండన్‌లో ప్రయాణం మొదలెడితే 1994 నుంచీ బ్రిటన్ వాళ్ల ప్రయాణపు పన్నుంది, బిజినెస్‌కి ఇంకా ఎక్కువ. డబ్లిన్‌లో మొదలెట్టి లండన్‌లో 24 గంటల్లోపు మారితే అది పడదు. ఐర్లండు తన పన్నుని 2014లోనే ఎత్తేసింది. మనకీ బిజినెస్ టిక్కెట్టు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 18 శాతమైంది.

అరండల్‌పేట: పన్నంటే శ్రీనాథుడు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడండి? "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు!" కొండవీటి ఆస్థానంలో వెలిగినవాడు చివరికి కృష్ణ ఒడ్డున పొలం కౌలుకి తీసుకుని పన్ను కట్టలేకపోయాడు. కొలంబో దారి తెలిస్తే బాగుపడేవాడు.

పటమట: సింహళం నుంచి పన్ను కట్టినా, ఆయన కౌలు చేసిన బొడ్డుపల్లె పన్ను బొడ్డుపల్లెదే. ఆ పద్యంలో ఆయన తిట్టుకుంది పన్నుని కాదు. ముందు పంటని పట్టుకుపోయిన ఏటిని, తర్వాత తిని పోయిన పిట్టల్ని.

తెనాలి: అందులో "గొడ్డేఱి" అంటే…

గ్రూపు పెద్ద: వద్దు. పోయినేడు గొడ్డేఱి మీద కొండవీటి చాంతాడంత నడిచింది. మళ్లీ మొదలెట్టొద్దు.

అరండల్‌పేట: సరే. పేరు సంగతి చూద్దాం. డొంకతిరుగుడు టిక్కెట్టు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, లండన్ నుంచి న్యూయార్కు పోవడానికి డబ్లిన్!

తెనాలి: డొంకంటే పొద కదా? తీగ లాగితే కదిలేది.

అరండల్‌పేట: గుంటూరువాడితోనా ఈ మాట! మా ఊళ్లో డొంకరోడ్డుంది, పొద కాదు, దారి. చేల మధ్య బండ్లు పోయే దారి డొంక. వంకరలు పోతుంది గనకే డొంకతిరుగుడు.

సత్యనారాయణపురం: ఆ పేరు పెడితే జనం తప్పు చేస్తారు. మా బావమరిది కొలంబో నుంచి ఢిల్లీ మీదుగా లండన్ టిక్కెట్టు కొన్నాడు. కొలంబో దాకా ఎందుకు, ఎలాగూ ఢిల్లీ వస్తుందిగా అని ఢిల్లీలో ఎక్కబోయాడు. మొదటి ముక్క వాడలేదు కాబట్టి మిగతాదంతా రద్దు. అక్కడికక్కడే మరో టిక్కెట్టు కొన్నాడు, మిగిలించుకుందామనుకున్న దానికి రెండింతలు పోయింది. గన్నవరం నుంచి చెన్నై, చెన్నై నుంచి కొలంబో విడిగా కొనుక్కుని, వీసా చూసుకుని, పెట్టె దించుకుని మళ్లీ ఎక్కించుకుని, ఆ రేవులోనే ఎక్కాలి. ముందు విమానం ఆలస్యమైతే తర్వాతవాడు మనకోసం ఆగడు. కాబట్టి పేరులో రేవు ఉండాల్సిందే. తిరుగుడు ముఖ్యం కాదు, మొదలు ముఖ్యం.

బ్రాడీపేట 4/14: చూశారా. పొరుగురేవు కేవు.

పటమట: జనం నోట పలకాలిగా. 'పుల్లకూర టిక్కెట్టు' అనండి, ఎవరికైనా తెలుస్తుంది. పొరుగింటిదేగా రుచి.

బ్రాడీపేట 4/14: పుల్లకూరా, పుల్లగూరా? ముందు అది తేల్చి రండి.

కృష్ణలంక: ఒక్క నిమిషం. మా మేనత్తకి ఫోను చేశాను. తొంభై దాటింది, చెవులు బానే ఉన్నాయి. "కేవేంట్రా, చేవేంట్రా! మా అమ్మ అనేది, రేవు మారితే రేటు తగ్గుద్ది అని. అవతల రేవు వేలంపాట తక్కువకి పోయిందంట ఆ ఏడు" అంది.

బ్రాడీపేట 4/14: రేటు ఇంగ్లీషు చదువులతో వచ్చింది. కేవు తెలియనివాళ్లు ఆ చోట రేటు పెట్టుకున్నారు. నా మాటకి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

తెనాలి: సీతానగరం అంటున్నారు కదా, 'తగ్గుద్ది' అందా, 'తగ్గిద్ది' అందా? మళ్లీ ఒకసారి ఫోను చేసి కనుక్కోండి బాబాయ్.