విలువలు కలవని మిత్రదేశాలు ఉమ్మడి ప్రకటన ఎలా రాసుకుంటాయి?

ప్రశ్న (ముసాయిదా):
రక్షణ ఒప్పందం ఉన్న రెండు దేశాల తరఫున ఉమ్మడి ప్రకటన రాసే అభ్యాసం చేస్తున్నాం. ఒకటి రాచరికం, దాని చట్టాలకు మతమే ఆధారం. రెండోది ఎన్నికలున్న దేశం, అక్కడ ప్రభుత్వంలో మతానికి చోటు లేదు. ఓడరేవులు, వ్యాపారం, సైనిక శిక్షణ గంటలో తేలిపోయాయి. ‘మత స్వేచ్ఛ’ అన్న రెండు మాటల దగ్గర మూడు ముసాయిదాలు ఆగిపోయాయి. ఉంచితే ఒకరు ఒప్పుకోరు, తీసేస్తే ఇంకొకరు. నిజం చర్చల్లో ఈ ముడి ఎలా విప్పుతారు?

జవాబు (పాతఫైలు):
సరిగ్గా ఈ రెండు మాటల మీదే 1942 జనవరి 1 నాటి ఐక్యరాజ్యాల ప్రకటన వేళ కూడా పేచీ వచ్చిందండీ. హిట్లర్ కూటమి మీద పోరాడుతున్న 26 దేశాల ప్రకటన అది. మత స్వేచ్ఛ అన్న మాట ఉండి తీరాలని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పట్టు. సోవియట్ యూనియన్‌దేమో నాస్తిక ప్రభుత్వం. ఏ మతమూ లేకుండా ఉండే స్వేచ్ఛ కూడా అందులోనే ఉందని సోవియట్ రాయబారి లిత్వినోవ్‌కు రూజ్‌వెల్ట్ నచ్చజెప్పాడు. మాట నిలిచింది.

కాబట్టి మాట తీసేసే ముందు, అందులో మీకు భయం దేనికని రెండు పక్షాలనూ విడివిడిగా అడగండి. చాలాసార్లు భయం మాట మొత్తం మీద ఉండదు. మత ప్రచారం మీదో, మతం మారే హక్కు మీదో, బయటి డబ్బు మీదో ఉంటుంది. ఆ ఒక్కదాన్ని విడదీస్తే మిగతాది నిలబడుతుంది.

తర్వాత ఒక పరీక్ష పెట్టండి. మూడు ఊహా సంఘటనలు రాసి, ఈ వాక్యం వీటికి వర్తిస్తుందా అని ఇద్దరినీ అడగండి. జవాబులు ఎదురెదురుగా వస్తే అది ఒప్పందం కాదు, వాయిదా వేసిన గొడవ.

జవాబు (రెండోపేరా):
మాట ఎంత సాగదీసినా ఇద్దరూ పట్టని చోట, విడివిడిగా రాయడమే నయం. 1972 షాంఘై ప్రకటనలో అమెరికా పక్షం ఇలా అంటోంది, చైనా పక్షం ఇలా అంటోంది అని వేర్వేరు పేరాలు ఉన్నాయి. ఉమ్మడి మాటలు వేరేగా ఉన్నాయి. విభేదాన్ని అచ్చులో పెట్టడం వల్ల మిగతా వాక్యాలకు నమ్మకం పెరిగింది. నా దృష్టిలో దౌత్య పత్రాల్లో ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి లేదు.

ఇంకో దారి, పక్క లేఖలు. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నేతలు 13 రోజులు కూర్చున్నా జెరూసలేం ఎవరిదన్నది తెగలేదు. దాన్ని ఒప్పందంలో ఇరికించకుండా, ఎవరి వైఖరి వాళ్లు లేఖల్లో రాశారు. మీరూ అలా చేస్తే రెండు జాగ్రత్తలు: లేఖలు సంతకాల రోజునే ఇచ్చిపుచ్చుకోవాలి. అవి ప్రకటనలో భాగమా కాదా అన్నది ప్రకటనలోనే ఒక వాక్యంలో తేల్చాలి. అది రాయకపోతే ఏడాది తిరక్కుండా దాని మీదే తగాదా.

జవాబు (మూడుబుట్టలు):
పక్క లేఖల విషయంలో నాకు అభ్యంతరం ఉంది. కష్టమైనదంతా అందులోకి నెట్టేస్తే అసలు పత్రం డొల్ల అవుతుంది. ఐరోపా భద్రత మీద 1975లో హెల్సింకిలో కుదిరిన ఒప్పందం చూడండి. 35 దేశాలు, అందరూ ఒప్పుకుంటేనే ఏ వాక్యమైనా. సోవియట్ పక్షానికి సరిహద్దుల గుర్తింపు కావాలి, పడమటి దేశాలకు మానవ హక్కులు కావాలి. భద్రత, ఆర్థికం, మానవీయ విషయాలు అని మూడు ‘బుట్టలు’ చేశారు. ఒక బుట్ట తీసుకుని ఇంకోటి వదిలేయడం కుదరలేదు. మనస్సాక్షి, మత స్వేచ్ఛ ఏడో సూత్రంలోకి వచ్చాయి.

అసలు బలం ఇంకో రెండు చోట్ల ఉంది. ప్రతి దేశమూ పూర్తి పాఠాన్ని తన ప్రజలకు ప్రచురించాలన్నారు. సమీక్షా సమావేశం 1977లో బెల్‌గ్రేడ్‌లో అని ముందే రాసుకున్నారు. ఆలోపే, 1976లో, మాస్కోలో పౌరులు ఆ పత్రాన్ని పట్టుకుని సొంత ప్రభుత్వాన్ని నిలదీశారు. మీ ముసాయిదాలో సమీక్ష తేదీ ఉందా?

అనువాదమూ చూసుకోండి. 1967 యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్న ఐరాస భద్రతా మండలి 242వ తీర్మానంలో, ‘ప్రాంతాలు’ అన్నచోట ఇంగ్లీషులో ‘ఆ’ (the) అని ఖాయపరిచే మాట లేదు, ఫ్రెంచి పాఠంలో ఉంది. అన్ని ప్రాంతాలా, కొన్నేనా అన్న వాదన నేటికీ తెగలేదు. ఏ భాషా పాఠం చెల్లుతుందో రాయండి.

జవాబు (పాతఫైలు):
సమీక్ష తేదీ గురించి పైన చెప్పింది నిజం, నేను వదిలేశాను. కాగితం బయటి సంగతి ఒకటి. 1945 ఫిబ్రవరి 14న సూయజ్ కాలువ దారిలోని గ్రేట్ బిటర్ సరస్సులో, ఓడ మీద సౌదీ రాజు అబ్దులజీజ్‌ను రూజ్‌వెల్ట్ కలిశాడు. సిగరెట్ లేనిదే ఉండలేని మనిషి, రాజు ఎదుట ఒక్కటీ వెలిగించలేదు. అయినా పాలస్తీనాలో యూదులకు చోటివ్వడం మీద రాజు మాట మారలేదు. మర్యాద తలుపు తెరుస్తుంది, విభేదాన్ని తీర్చదు. కార్యక్రమ పత్రంలో ప్రార్థన వేళలు, భోజనం, పానీయాలు ముందే రాసుకోండి, అంతకు మించి ఆశించకండి.

ప్రశ్న అడిగినవారు (ముసాయిదా):
మూడు సంఘటనల పరీక్ష పెట్టాం. రెండు నిలిచాయి. మతం మారినందుకు జైల్లో ఉన్న వ్యక్తి దగ్గర విరిగింది.

జవాబు (రెండోపేరా):
అది ప్రకటనలో తేలేది కాదు. సూత్రం మీద ఎవరి పేరా వాళ్లు రాసుకోనివ్వండి. ఆ మనిషి పేరును మాత్రం రాయబారి చేతిలో, బయటపెట్టని జాబితాగా, సమీక్షకు ముందే ఇప్పించండి. పేరు బహిరంగమైతే వదలడం ఆ ప్రభుత్వానికి పరువు సమస్య అవుతుంది. గుట్టుగా అడిగితే క్షమాభిక్ష ఇచ్చే వీలు మిగులుతుంది.