అప్‌డేట్: బాబు మంచిగున్నడు, సీటీ స్కాన్ తియ్యలే

మా మూడున్నరేండ్ల బాబు అరుగు మీదికెల్లి పడి నుదుటికి బుడిపె కట్టింది, ఒక్క వాంతి అయింది, స్కాన్ తీయించాల్నా అని అడిగిన కదా. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్.

నల్గొండల పిల్లల డాక్టర్‌కు చూపిచ్చినం. మేడం కండ్లు, చెవుల ఎన్క అంత చూసి, స్పృహ తప్పిండా, పిలిస్తే పలుకుతుండా, ఎంత ఎత్తుకెల్లి పడ్డడు అని అన్నీ అడిగింది. మా అత్తమ్మ స్కాన్ తియ్యాల్సిందే అని ఒకటే పట్టు, కానీ చిన్న పిల్లలకు ఊకె రేడియేషన్ మంచిది కాదని మేడం నిమ్మళంగ సమజాయించింది. తలకు దెబ్బ తాకిన పిల్లలకు సీటీ స్కాన్ అవసరమా కాదా అని చెప్పే పీకార్న్ రూల్ అని 2009ల అమెరికాలకెల్లి వచ్చింది ఉందట, 42 వేలకు పైన పిల్లలను చూసి చేసిండ్రట. రెండేండ్లు దాటినోళ్లకు స్పృహ తప్పుడు, వాంతులు, బాగ తలనొప్పి, ఐదు ఫీట్ల పైనుంచి పడుడు, మత్తు, పుర్రె విరిగిన గుర్తులు ఏవీ లేకుంటే స్కాన్ అక్కర్లేదు. మావోనికి వాంతి ఒక్కటే కాబట్టి కొన్ని గంటలు ఆడనే పెట్టుకొని చూసిండ్రు, మల్ల కాలే, ఆడుకున్నడు, పంపిచ్చిండ్రు.

రెండేండ్ల లోపోళ్లకు లెక్క వేరే, మూడు ఫీట్ల పైనుంచి పడ్డా, నుదుటికి కాక తల పక్కకో ఎన్కకో బుడిపె వచ్చినా ఆగకుండ చూపియ్యాలె.

ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకున్నా, మల్ల మల్ల వాంతులైనా, ముక్కుల చెవుల నీళ్ల లెక్క కారినా ఊర్లె టైం పోగొట్టకుండ్రి, సీటీ ఉన్న దవాఖానకే సీదా పోండ్రి.