స్పిరిట్‌కి తెలుగులో ఏ మాట వెయ్యాలి?

అడ్మిన్ గారూ, ఈసారి పద్యం కాదు, ఇంగ్లీషు రాక్ పాటలోంచి ఒక్క మాట పట్టుకొచ్చాను, తీసెయ్యకండి. పాట హోటల్ కాలిఫోర్నియా. ఈగల్స్ అనే అమెరికా బ్యాండుది, 1976 డిసెంబరులో ఆల్బంలో వచ్చింది. ఆరున్నర నిమిషాలుంటుంది, చివరి రెండు నిమిషాల్లో మాటలే ఉండవు, రెండు గిటార్లు ఒకదాని వెంట ఒకటి పడి పోతుంటాయి.

నేను మొదటిసారి విన్నది నెల్లూరులో, హాస్టల్లో, పక్క రూములో సీనియర్ టేప్ రికార్డర్ మీద. మనకి హోటల్ అంటే తినేచోటు కదా, పడుకునేది లాడ్జి. అందుకని చాలా రోజులు నా బుర్రలో ఈ పాట కథ ఏమిటంటే, ఎవడో రాత్రిపూట ఆకలేసి హోటల్‌కి పోయాడు, తిన్నాడు, బిల్లు కట్టడానికి డబ్బుల్లేవు, అందుకని బయటికి పోనివ్వకుండా పిండి రుబ్బిస్తున్నారు. నవ్వకండి, పాట చివర్లో పోలేవురా అనేదొక్కటే నాకు అర్థమైంది మరి.

పాటలో మాటలు అచ్చులో దొరికేవి కావు. క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని రఫ్ నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. మొదట్లోనే ఎడారి రోడ్డు, చల్లగాలి, ఆ గాలిలో ఏదో వెచ్చటి వాసన వస్తాయి. ఆ వాసన దగ్గర మావాడు 'కొలైటిస్' అని రాశాడు. మెడిసిన్ చదివే ఒక అన్న చూసి, ఒరే అది పేగుల జబ్బురా అన్నాడు. ఆ జబ్బుకి వాసనేందో తెలీక ఏడాది పైనే అట్టాగే పాడుకున్నాం. ఆ మాట కోలిటాస్ అట. స్పానిష్‌లో చిన్న తోకలని అర్థం, గంజాయి పూల కొసలకి ముద్దుపేరు. అంత సీరియస్ వాక్యాన్ని పేగుల్లో కలిపేశాం.

ఇప్పుడు అసలు సంగతి. పాటలో ఆ ఎడారి రోడ్డున పోయే బాటసారి రాత్రికి ఒక హోటల్లో దిగుతాడు, అక్కడ కెప్టెన్‌ని పిలిచి నా వైన్ తెమ్మంటాడు. కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడు కాదు, పెద్ద హోటళ్లలో సర్వర్ల మీద అజమాయిషీ చేసే మనిషి. ఆ కెప్టెన్, 1969 తర్వాత ఆ స్పిరిట్ మా దగ్గర లేదు అంటాడు. స్పిరిట్ అంటే ఘాటు మందు, స్పిరిట్ అంటే మనసులో ఉండే ఊపు కూడా. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ అనే కచేరీలో లక్షలమంది కుర్రాళ్లు బురదలో కూర్చుని పాటలు విన్నారు, ఇంక లోకం మారిపోతుందనుకున్నారు. అదే ఏడు డిసెంబరులో ఆల్టమాంట్ కచేరీలో స్టేజీ ముందే కత్తిపోట్లకి ఒకడు చచ్చిపోయాడు. ఆ కలే అయిపోయిందని కెప్టెన్ నోట చెప్పించారు, అదీ మందు లేదన్నట్టు, చాలా మామూలుగా. నాకు పాట మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే.

దీన్ని తెలుగులో పెడదామని కూర్చున్నాను. ఆత్మ అంటే దెయ్యం కథ అయిపోతోంది. స్ఫూర్తి అంటే విగ్రహానికి దండ వేసేటప్పుడు మైకులో చెప్పే మాటలా ఉంది. మత్తు అంటే మందు ఒక్కటే మిగులుతోంది, కల పోతోంది. మీకేమన్నా తడుతుందా?

కావలి నుంచి:

నా, 'కిక్కు' పెట్టు. అరవైతొమ్మిది నుంచి ఇక్కడ ఆ కిక్కే లేదు అంటే మా పిలకాయలకి కూడా ఎక్కుద్ది. ఇంకోటి, వైన్ అడిగితే వాడు స్పిరిట్ లేదంటాడేంది? రెండూ ఒకటి కాదు గదా.

పోస్టు పెట్టినవాణ్ణి:

మంచి మాట అడిగావు తమ్ముడూ. ఈ ప్రశ్నే 2009లో ఒక పత్రికాయన ఆ పాట రాసినవాళ్లలో ఒకడైన డాన్ హెన్లీని ఇంటర్వ్యూలో అడిగాడు, వైన్ పులియబెట్టేది, స్పిరిట్ బట్టీ పట్టేది, మీరు పొరపాటు పడలేదా అని. హెన్లీకి చిర్రెత్తింది. మందు సంగతి నాకు బాగానే తెలుసు, ఆ వాక్యం మందు గురించి కాదు అన్నట్టు జవాబిచ్చాడు. నిజానికి ఈ తేడా మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లు దించుతారు, సారా కాస్తారు. ముంతలో కల్లు పొయ్యవయ్యా అంటే, ఆ సారా మా దగ్గర లేదబ్బా అన్నట్టుంది కెప్టెన్ జవాబు. వినేవాడికి ఎక్కడో తేడా కొట్టాలి, అక్కడ ఆగాలి, ఆగితేనే రెండో అర్థం దొరుకుతుంది. కాకపోతే మనకి ఇప్పుడు వైన్ షాపులో బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి, ఒక్క వైన్ తప్ప. కాబట్టి మన కుర్రాడెవడూ అక్కడ తట్టుకుని ఆగడు. కిక్కు బాగానే ఉంది కానీ మరీ తేలికైపోయింది, యాభై ఏళ్లు బాధపడేంత బరువు లేదు దానికి.

ఒంగోలు నుంచి (రిటైరైన తెలుగు మాస్టారు):

నాయనా, పాట నేను వినలేదు, మా మనవడు ఇప్పుడే వినిపించాడు, గిటారు బాగుంది. మీరు చెప్పేది శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రాముడి కథా అవుతుంది, పాండవుల కథా అవుతుంది, అక్కడ చాలాచోట్ల మాటని రెండు రకాలుగా విరుచుకోవాలి, దాన్ని సభంగ శ్లేష అంటారు. ఈ స్పిరిట్ అలా కాదు, విరవకుండానే రెండర్థాలిస్తోంది కాబట్టి అభంగ శ్లేష. తెలుగులో నాకు తోచింది 'సారం'. ఆ సారం మా దగ్గర అరవైతొమ్మిది తర్వాత లేదండీ అని చూడండి. సారం అంటే లోపలి సత్తువ, వినే చెవికి పక్కనే సారా కూడా వినిపిస్తుంది.

పోస్టు పెట్టినవాణ్ణి:

మాస్టారూ, దండం. పొద్దున్నుంచీ నోట్లో తిప్పుతున్నాను, సారం, సారా. ఇదే ఖాయం చేద్దామనుకుంటున్నా.

కలిగిరి మండలం నుంచి:

నేను ఒప్పుకోను. మాది దూబగుంట పక్క ఊరే. మా అమ్మ రాత్రి బడికి పోయి సంతకం నేర్చుకుంది, ఆ బడి దగ్గరే ఆడోళ్లందరూ కూడి సారా అంగడి మూయించారు. ఆ పోరాటం ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు మీకందరికీ తెలుసు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనియ్యలేదు, మరుసటేడు అక్టోబరుకి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అంతకుముందు మా నాయన కూలి డబ్బులు ప్యాకెట్లకే పొయ్యేయి, ఖాళీ ప్యాకెట్లు మా గుమ్మం ముందు కాలవలో తేలతా ఉండేవి, నేను చూశాను. ఇప్పుడు మీరు 'ఆ సారం లేదండీ' అని దిగులుగా అంటే, సారా కూడా వినపడుద్ది అని మాస్టారే చెప్తన్నారు గదా, మా ఊళ్లో ఏ ఆడమనిషీ అందుకు దిగులు పడదు. పాటలో స్పిరిట్ పోవడం బాధ. మాకు సారా పోవడం పండగ.

పోస్టు పెట్టినవాణ్ణి:

అక్కా, నేను ఇది అస్సలు ఆలోచించలేదు. శ్లేష కుదిరిందని మురిసిపోయాను గానీ, మన జిల్లాలో ఆ మాటకి ఏం అంటుకుని ఉందో చూడలేదు. వాక్యం దిగులుగా ఉండాలి, నువ్వు చెప్పింది విన్నాక నాకు సారం అన్నప్పుడల్లా ఆ కాలవే కనిపిస్తోంది.

కోవూరు నుంచి:

ఇవన్నీ కాదు, అది సైతాను గుడి గురించి రాసిన పాట అని నేను విన్నాను. పిచ్చాసుపత్రి అని కూడా అంటారు.

పోస్టు పెట్టినవాణ్ణి:

అన్నా, అవన్నీ పుకార్లు, బ్యాండువాళ్లే కాదన్నారు. అమాయకంగా పోయినవాడు అనుభవం మూటగట్టుకునే ప్రయాణం అది అని హెన్లీ చాలాసార్లు చెప్పాడు. అయినా రాసినవాడు చెప్పిందొక్కటే అర్థమని నేను అనను. పాటలో మాట ఒప్పుకుంటే మన అర్థం కూడా నిలుస్తుంది. సైతానుకి ఆ పాటలో గట్టి పట్టుకొమ్మ ఏదీ లేదు, 'కత్తులతో పొడిచినా మృగం చావలేదు' అన్నది తప్ప. అక్కడ కత్తులకి వేసిన స్టీలీ అనే మాట కూడా స్టీలీ డాన్ అనే ఇంకో బ్యాండు మీద చతురు, వాళ్లు అదే ఏడు తమ పాటలో ఈగల్స్ పేరు లాగారు, వీళ్లు చెల్లుకు చెల్లు వేశారు.

పనిలో పని, చివరి వాక్యం. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెకౌట్ చెయ్యొచ్చు, పోవడం మాత్రం కుదరదు అంటాడు కాపలావాడు. ఇంగ్లీషులో శ్లేష చెకౌట్ అనే మాటలో ఉంది, గది ఖాళీ చెయ్యడం, ప్రాణం విడవడం. తెలుగులో రాసి చూస్తే అది పక్క మాటలోకి గెంతింది. 'గది ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు, పోలేరు.' పోవడం అంటే వెళ్లడమూ, చావడమూ. నేనేం చెయ్యలేదు, భాషే చేసిపెట్టింది. ఒకచోట పోయింది ఇంకోచోట దొరికింది కాబట్టి స్పిరిట్ దగ్గర ఓడిపోయినా ఫర్వాలేదనుకుంటున్నా.

కావలి నుంచి:

నా, ఓడిపోవడం ఎందుకు, స్పిరిట్ అనే ఉంచెయ్. తెలుగు మాటే అయిపోయింది గదా. మా నాయన కాంపౌండరు, సూది వేసేముందు దూదితో రుద్దేది స్పిరిట్టే. ఆటలో ఓడిపోయినా నవ్వేవోణ్ణి స్పిరిట్ ఉన్నోడు అంటాం.

కలిగిరి మండలం నుంచి:

ఇది బాగుంది. దూది వాసన అయితే నాకేం అభ్యంతరం లేదు.