పీబీఎక్స్ నుంచి బయటికి కాల్స్ పోవట్లేదు, నెట్ మాత్రం బాగానే ఉంది

ప్రశ్న (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు)
అందరికీ నమస్కారం. మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. ఫోన్లన్నీ ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తున్నాయి. శనివారం ఫైబర్ కంపెనీని మార్చాం. సోమవారం పొద్దున్నుంచి బయటికి ఒక్క కాల్ పోవట్లేదు, బయటి నుంచి రావట్లేదు. రిసెప్షన్ నుంచి ల్యాబ్‌కి చేస్తే మోగుతోంది. సర్వర్ నుంచి 8.8.8.8కి పింగ్ కొడితే జవాబు వస్తోంది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో నెట్ కూడా బాగుంది. ట్రంక్ (బయటి కాల్స్ మోసే ఇంటర్నెట్ లైన్) ఇచ్చినవాళ్లేమో ‘మా వైపు సమస్య లేదు, మీ నెట్ చూసుకోండి’ అంటారు. ఫైబర్ అబ్బాయి ‘లింక్ చెన్నాగిదె సార్’ (బాగానే ఉంది) అని వెళ్లిపోయాడు. శాంపిల్ పికప్ కోసం ఫోన్ చేసేవాళ్లకి లైనే కలవట్లేదు, డాక్టరుగారు గంటకోసారి అడుగుతున్నారు. టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

జవాబు (వైట్‌ఫీల్డ్)
కొత్త రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (నెట్ కాల్స్ మెసేజ్‌లని మధ్యలో మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడు బ్రో. ముందు అది ఆఫ్ చెయ్.

జవాబు (కోరమంగళ)
ఏఎల్‌జీ ఆఫ్ చేయడం ఎలాగూ మంచిదే కానీ, ఇది ఆ జబ్బులా లేదండీ. ఏఎల్‌జీ వల్ల అయితే ఒకవైపు మాటే వినిపించడం, కాల్ కాసేపటికి తెగిపోవడం లాంటివి ఎక్కువ. మీకు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

8.8.8.8కి పింగ్ వెళ్లిందంటే దారి ఉందని మాత్రమే అర్థం. అది నంబరు కాబట్టి పేరు అడగాల్సిన పని అక్కడ పడలేదు. ట్రంక్ సర్వర్‌కేమో పేరు ఉంటుంది. ఆ పేరుకి ఐపీ (నంబరు అడ్రస్) తెలిస్తే తప్ప ఆస్టరిస్క్, అంటే ఫ్రీపీబీఎక్స్ లోపలి ఫోన్ ఇంజిన్, ‘నేనిక్కడున్నా’ అని ట్రంక్‌కి చెప్పే రిజిస్టర్ మెసేజ్ పంపలేదు. అదే సర్వర్ నుంచి ట్రంక్ పేరుతో పింగ్ కొట్టి చూడండి. తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిచి, నేమ్‌సర్వర్ (పేరుకి ఐపీ చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్) లైన్లలో ఏముందో చెప్పండి. ఇంకొకటి, వాయిస్‌మెయిల్ ఈమెయిల్స్ వస్తున్నాయా? మాడ్యూల్ అప్‌డేట్ అవుతోందా? అవీ ఆగిపోయి ఉంటే ట్రంక్‌వాళ్లని తిట్టడం ఆపేయొచ్చు.

ప్రశ్న అడిగినవారు
వాయిస్‌మెయిల్ మెయిల్స్ శనివారం నుంచే లేవు, ఎవరూ పట్టించుకోలేదు. పేరుతో పింగ్ వెళ్లట్లేదు. ఫైల్‌లో రెండు నేమ్‌సర్వర్లున్నాయి, రెండూ పాత ఫైబర్ కంపెనీవే. డిగ్ (డీఎన్‌ఎస్‌ని అడిగి చూసే కమాండ్) కొడితే ‘రిఫ్యూజ్డ్’ అని వస్తోంది.

జవాబు (కోరమంగళ)
దొరికింది. ఇంటర్నెట్ కంపెనీల డీఎన్‌ఎస్ సర్వర్లు చాలావరకు సొంత కస్టమర్లకే జవాబిస్తాయి. మీరిప్పుడు వాళ్ల కస్టమర్ కాదు, అందుకే రిఫ్యూజ్డ్. ల్యాప్‌టాప్‌లు డీహెచ్‌సీపీలో (రౌటరే సెట్టింగ్స్ పంచే పద్ధతి) ఉన్నాయి కాబట్టి కొత్త డీఎన్‌ఎస్ అడ్రస్‌లు వాటికవే అందాయి. పీబీఎక్స్‌కి ఐపీ చేత్తో పెట్టి ఉంటారు, దాంతోపాటు డీఎన్‌ఎస్ కూడా. కనెక్షన్ మారిన సంగతి దానికెవరూ చెప్పలేదు.

ఆ ఫైల్‌ని నేరుగా దిద్దకండి, నెట్‌వర్క్ సర్వీస్ మళ్లీ చెరిపేయొచ్చు. ఫ్రీపీబీఎక్స్‌లో సిస్టమ్ అడ్మిన్‌లో డీఎన్‌ఎస్ పేజీ ఉంది, అక్కడ మార్చండి. 1.1.1.1, 8.8.8.8 పెట్టండి, రెండూ అందరికీ జవాబిచ్చే డీఎన్‌ఎస్ సర్వర్లే, వేర్వేరు సంస్థలవి. లిస్టు పెద్దది చేసినా లాభం లేదు, లైనక్స్ మామూలుగా మొదటి మూడింటినే చూస్తుంది. మార్చాక ఆస్టరిస్క్ కన్సోల్‌లో ‘పీజేసిప్ షో రిజిస్ట్రేషన్స్’ కొట్టండి. ‘రిజిస్టర్డ్’ అని రావాలి. ‘రిజెక్టెడ్’ అని వస్తే అవతలి సర్వర్ కాదని ఉండొచ్చు, జవాబే రాకపోయి కూడా ఉండొచ్చు. ముందు పేరుతో పింగ్ మళ్లీ కొట్టి డీఎన్‌ఎస్ కుదిరిందో లేదో చూడండి. కుదిరి ఉంటే పాస్‌వర్డ్ చూసుకోవాలి, లేదా కొత్త పబ్లిక్ ఐపీని ట్రంక్‌వాళ్లు తమ వైపు అనుమతించారో లేదో అడగాలి.

జవాబు (వైట్‌ఫీల్డ్)
ఇంత ఎందుకన్నా, హోస్ట్స్ ఫైల్‌లో (పేరు, ఐపీ సర్వర్‌లోనే రాసుకునే ఫైల్) ట్రంక్ ఐపీ రాసేస్తే అయిపోదూ?

జవాబు (కోరమంగళ)
ఇవాళ సాయంత్రం దాకా గడుస్తుంది తమ్ముడూ. ట్రంక్‌వాళ్లు సర్వర్ మార్చిన రోజు మళ్లీ ఇదే గోల, అప్పటికి హోస్ట్స్‌లో ఏం రాశామో ఎవరికీ గుర్తుండదు. పైగా చాలామంది ప్రొవైడర్లు ఎస్‌ఆర్‌వీ రికార్డులతో రెండో సర్వర్ కూడా ఇస్తారు. మొదటిది పడితే రెండోదానికి వెళ్లే ఏర్పాటు అది. హోస్ట్స్‌లో ఎస్‌ఆర్‌వీ రాయలేం. ఇంకో చిక్కు, డిగ్ హోస్ట్స్ ఫైల్‌ని చూడదు, పింగ్ చూస్తుంది. రెండూ రెండు జవాబులు చెబితే తల పట్టుకుని కూర్చోవాలి.

ప్రశ్న అడిగినవారు
డీఎన్‌ఎస్ మార్చగానే ట్రంక్ రిజిస్టర్ అయింది, కాల్స్ వస్తున్నాయి. వాయిస్‌మెయిల్ మెయిల్స్ కూడా కుప్పగా వచ్చిపడ్డాయి. చాలా థ్యాంక్స్ అండీ. ఒక్క సందేహం. పాత కనెక్షన్‌లో నెట్ పోయినప్పుడల్లా లోపలి కాల్స్ కూడా మొరాయించేవి. రిసెప్షన్ నుంచి ల్యాబ్‌కి నెట్‌తో పనేముంది?

జవాబు (కోరమంగళ)
నెట్‌తో పనిలేదు కానీ, మీ ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) ఆస్టరిస్క్ పాత సిప్ డ్రైవర్ చాన్‌సిప్‌లో ఉన్నాయేమో చూడండి. ఆ పాత డ్రైవర్ పేరు అడిగితే జవాబు వచ్చేదాకా మిగతా పనులన్నీ ఆపేసి కూర్చుంటుంది, కౌంటర్లో ఒకే గుమాస్తా ఉన్న ఆఫీసులా. లైనక్స్‌లో మామూలుగా ఒక్కో నేమ్‌సర్వర్‌కి 5 సెకన్లు, రెండేసి ప్రయత్నాలు. రెండు సర్వర్లూ పలక్కపోతే ఒక్క పేరుకే దాదాపు 20 సెకన్లు పోతాయి. ఈలోగా ల్యాబ్ ఫోన్ ఎలా మోగుతుంది?

రిజాల్వర్ ఆప్షన్లలో టైమౌట్ 1 సెకను చేస్తే కొంత నయం. అసలు మందు మాత్రం కొత్త డ్రైవర్ పీజేసిప్‌కి మారడమే. ఆస్టరిస్క్ 21 నుంచి చాన్‌సిప్‌ని తీసేశారు కూడా.

ప్రశ్న అడిగినవారు
చాన్‌సిప్‌లోనే ఉన్నాయండీ, ట్రంక్ ఒక్కటే పీజేసిప్. ఆదివారం సెంటర్ మూసి ఉన్నప్పుడు మారుస్తాను.

జవాబు (కోరమంగళ)
ఎక్స్‌టెన్షన్ పేజీలో అడ్వాన్స్‌డ్ కింద డ్రైవర్ మార్చే బటన్ ఉంటుంది. ముందు బ్యాకప్ తీసుకుని, ఒక్క ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టండి. పోర్టులు చూసుకోవడం మరవకండి. రెండు డ్రైవర్లూ ఉన్నచోట ఒకదానికి 5060, ఇంకోదానికి 5160 లాంటిది ఉంటుంది. ఏది దేనికో సిప్ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. ఫోన్‌లో పాత పోర్టే ఉంటే రిజిస్టర్ కాదు.